మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ అయిన కుర్చీ

పోయిన నెల సంచికలో ఒకరు "సైన్యాధిపతులు దేశ నాయకులు కావడం మంచిదేనా?" అని అడిగారు. "కుర్చీ ఎక్కడం చాలామందికి వచ్చు. దిగడం వచ్చినవారిలో నాకు నచ్చినవాడు ఫ్రాన్సు అధ్యక్షుడైన జనరల్ డిగాల్" అని రెండు వాక్యాల్లో తేల్చేసి, ఉసిరికాయ పచ్చడి నల్లబడటం గురించిన ప్రశ్నకు పేజీలో సగం ఇచ్చాను. పచ్చడి గురించి తరువాత ఒక్కరూ రాయలేదు. డిగాల్ గురించి మాత్రం ఉత్తరాలు కట్టగా వచ్చాయి. కాబట్టి ఈ నెల వంటలు లేవు, అత్తాకోడళ్ల తగవులు లేవు. అన్నీ జనరల్ గారి ప్రశ్నలే.

ప్రశ్న: మేడమ్ గారూ, అంతమంది జనరల్స్ ఉండగా డిగాలే ఎందుకు నచ్చారు? మా తరానికి ఆయన పేరు తెలుసు, మనిషి తెలియదు. కాస్త వివరంగా చెప్పండి.
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, పద్మారావునగర్

జవాబు: ఈ ఇష్టం నాకు పుస్తకాల నుంచి రాలేదండీ, మా నాన్నగారి గడ్డం కత్తి నుంచి వచ్చింది. 1969లో నాకు పదమూడేళ్లు. సీతాఫల్‌మండిలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. నాన్నగారు సికింద్రాబాద్‌లో మిలిటరీ లెక్కల ఆఫీసులో గుమాస్తా. తెలంగాణ ఉద్యమం ఉద్ధృతంగా సాగుతున్న రోజులు, మా బడి మూసేశారు. ఊరికే కూర్చుంటే పిల్లకు అక్షరాలు తుప్పు పడతాయని, నాన్నగారు రోజూ పొద్దున్నే నా చేత దినపత్రిక గట్టిగా చదివించేవారు. కిటికీ ఊచకు అద్దం తగిలించుకుని గడ్డం గీసుకుంటూ వినేవారు. నేను ఏ పేరైనా తప్పు పలికితే కత్తి చెంప మీదే ఆగిపోయేది. సరిచేసుకున్నాక మళ్లీ కదిలేది.

ఆ మార్చి నెలాఖరులో వారం తిరగకుండా రెండు వార్తలు చదివాను. 25న పాకిస్తాన్‌లో అయూబ్ ఖాన్ గద్దె దిగారు. 28న అమెరికాలో ఐసెన్‌హోవర్ కన్నుమూశారు. సరిగ్గా నెల తిరిగేసరికి, ఏప్రిల్ 28న, ఫ్రాన్సులో డిగాల్ రాజీనామా. ముగ్గురూ జనరల్స్‌గా పేరు తెచ్చుకున్నవారే, ముగ్గురూ దేశాధ్యక్షులైనవారే. నాన్నగారు ముఖం తుడుచుకుంటూ "వీళ్లలో కుర్చీ దిగడం ఎవరికి వచ్చిందే?" అని అడిగారు. నేను ఐసెన్‌హోవర్ అన్నాను, ఫొటోలో ఆయనది నవ్వుముఖం కాబట్టి. "ఆయన మంచివాడే. కానీ రెండుసార్లకు మించి వీల్లేదని వాళ్ల రాజ్యాంగమే దింపింది. అయూబ్‌ను వీధుల్లోకి వచ్చిన జనం దింపారు. ఈ పొడుగాయనను దిగమని ఎవరూ అనలేదు. పందెం కాసి, ఓడి, తానే దిగాడు" అన్నారు. అప్పటికి నాకు అందులో సగమే అర్థమైంది. మిగతా సగం కోసమే కాబోలు, చరిత్ర పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాను.

ఇక మనిషి సంగతి. షార్ల్ డిగాల్ 1890 నవంబరు 22న ఉత్తర ఫ్రాన్సులోని లీల్ పట్టణంలో పుట్టారు. తండ్రి పంతులు. చరిత్ర, సాహిత్యం చెప్పేవారు (ఈ వివరం కావాలనే చెబుతున్నాను). సైనిక పాఠశాల ముగించి 1912లో ఒక కాల్బలంలో చేరితే, అక్కడ ఆయన పైఅధికారి ఫిలిప్ పెతాన్ అనే కర్నల్. ఈ పేరు గుర్తుంచుకోండి, కథలోకి మళ్లీ వస్తాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో డిగాల్ మూడుసార్లు గాయపడ్డారు. 1916 మార్చిలో వెర్దూన్ దగ్గర జర్మన్లకు చిక్కి, యుద్ధం ముగిసేదాకా బందీగానే ఉన్నారు. అయిదుసార్లు తప్పించుకోబోయారు, అయిదుసార్లూ విఫలమయ్యారు. అంత పొడుగు మనిషి ఎక్కడని దాక్కుంటాడు! యుద్ధాల మధ్య కాలంలో, రాబోయే పోరు ట్యాంకులదేనని 1934లో పుస్తకం రాస్తే పెద్ద జనరల్స్ పెదవి విరిచారు. 1940 మేలో జర్మన్ ట్యాంకులే వచ్చి ఆ మాట నిజమని చూపించాయి. అప్పుడు హడావుడిగా ఆయనకు బ్రిగేడియర్ జనరల్ హోదా ఇచ్చారు, అదీ తాత్కాలికంగా. జూన్ మొదట్లో రక్షణ శాఖలో చిన్న మంత్రి పదవి. రెండు వారాలు కాకముందే ప్రభుత్వం చేతులెత్తేసింది. పాత కర్నల్ పెతాన్, ఇప్పుడు ఎనభై నాలుగేళ్ల మార్షల్, ప్రధాని అయ్యి జర్మనీతో సంధికి సిద్ధపడ్డారు. జూన్ 17న డిగాల్ విమానమెక్కి లండన్ వెళ్లిపోయారు. మరునాడు బీబీసీ మైకు ముందు కూర్చుని, యుద్ధం అయిపోలేదు, పోరాడదలిచినవారు నా దగ్గరికి రండి అని ఫ్రెంచివారిని పిలిచారు.

ఆ ప్రసంగం ఇప్పుడు ఫ్రాన్సులో పిల్లల పాఠం. ఆ రోజు మాత్రం విన్నవారు బహు కొద్దిమంది. దాని రికార్డు కూడా మిగల్లేదు. ఇప్పుడు మనకు వినిపించేది నాలుగు రోజుల తరువాత చేసిన ప్రసంగం. ఆయన వయసు అప్పుడు నలభై తొమ్మిది. కాళ్ల కింద సొంత నేల లేదు, వెనక సైన్యం లేదు, ఎవరూ ఎన్నుకోలేదు. ఆగస్టు 2న పెతాన్ ప్రభుత్వపు సైనిక న్యాయస్థానం, ఆయన ఎదుట లేకుండానే, మరణశిక్ష వేసింది.

అయిదేళ్లు గడిచాయి. 1945 ఆగస్టులో బోనులో పెతాన్, ప్రభుత్వంలో డిగాల్. ఈసారి మరణశిక్ష పెతాన్‌కు పడింది. డిగాల్ దాన్ని యావజ్జీవ ఖైదుగా మార్చారు. తరగతిలో ఇక్కడిదాకా వచ్చేసరికి వెనక బెంచీల గుసగుసలు వాటంతటవే ఆగిపోయేవి.

ఒక సంగతి ఆడపిల్లలకు చెప్పకుండా వదిలేదాన్ని కాదు. విప్లవం, స్వేచ్ఛ, సమానత్వం అని లోకానికి పాఠాలు చెప్పిన ఫ్రాన్సులో ఆడవాళ్లకు ఓటు 1944 దాకా లేదు. ఆ ఏప్రిల్ 21న, ఫ్రెంచి ఏలుబడిలోని అల్జీరియా రాజధాని అల్జీర్స్‌లో ఉన్న డిగాల్ ప్రభుత్వ సంఘం జారీ చేసిన ఉత్తర్వుతో వచ్చింది. 1945 ఏప్రిల్‌లో మొదటిసారి వేశారు. మన దేశంలో వయోజనులైన ఆడవాళ్లందరూ 1951–52లో వేశారు. తేడా ఏడేళ్లే.

1946 జనవరి 20న, పార్టీల తగవులతో విసిగి, ఉన్నట్టుండి రాజీనామా చేశారు. రెండు రోజుల్లో బతిమాలి వెనక్కి పిలుస్తారని అనుకున్నారని నా అనుమానం. ఎవరూ పిలవలేదు. పన్నెండేళ్లు పట్టింది. కొలొంబే అనే చిన్న పల్లెలో తన ఇంట్లో కూర్చుని జ్ఞాపకాలు రాసుకున్నారు. మధ్యలో ఒక పార్టీ పెట్టి, అది ఎటూ సాగక వదిలేశారు. ఆ భాగం నాకూ విసుగే, మీకూ వద్దు.

నేను ఆగేది ఆన్ దగ్గర. ఆన్ ఆయన చిన్న కూతురు, 1928 జనవరి 1న డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. అలాంటి పిల్లలను ఆ కాలంలో మన దగ్గరా, వాళ్ల దగ్గరా కూడా దాచేవారు. మా సీతాఫల్‌మండి వీధిలోనే ఒక బాబును చుట్టాలు వస్తే లోపలి గదిలో కూర్చోబెట్టేవారు. డిగాల్ దంపతులు ఆ పిల్లను ఏ ఆశ్రమానికీ పంపలేదు. ఎక్కడికి బదిలీ అయినా వెంట తీసుకెళ్లారు. మంత్రులతో ముక్తసరిగా మాట్లాడే ఆ బిగుసుకుపోయిన మనిషి, ఆ పిల్లను నవ్వించడానికి పాటలు పాడి గంతులు వేసేవారు. 1948 ఫిబ్రవరిలో, ఇరవై ఏళ్లకే, ఆన్ చనిపోయింది. సమాధి దగ్గర ఆయన భార్యతో "ఇప్పుడు అందరిలాంటిదే అయింది" అన్నారు. అలాంటి ఆడపిల్లల కోసం ఆన్ పేరిట భార్యాభర్తలు ఒక సంస్థ పెట్టారు. జ్ఞాపకాల పుస్తకాల మీద వచ్చిన డబ్బు దానికే వెళ్లింది.

1958లో తిరిగి వచ్చిన తీరు గురించి కింద ఒక తమ్ముడు గట్టిగా నిలదీశాడు, అక్కడ చెబుతాను. ఇప్పుడు దిగిన తీరు. 1969 ఏప్రిల్ 27న ఆయన ప్రాంతాలకు కొన్ని అధికారాలు ఇవ్వడం, పార్లమెంటు ఎగువ సభ అయిన సెనేట్‌ను నామమాత్రం చేయడం అనే రెండు మార్పులపై ప్రజాభిప్రాయం కోరారు. ప్రభుత్వం పడిపోయే విషయం కాదు. పదవీకాలం ఇంకా మూడేళ్లకు పైగా ఉంది. అయినా "కాదంటే నేను ఉండను" అని ముందే ప్రకటించారు. వందకు యాభై రెండు మందికి పైగా కాదన్నారు. అర్ధరాత్రి దాటిన కొద్ది నిమిషాలకు కొలొంబే నుంచి రెండు వాక్యాల ప్రకటన వచ్చింది: గణతంత్ర అధ్యక్షుడిగా నా విధులు విరమిస్తున్నాను. ఈ నిర్ణయం ఈ రోజు మధ్యాహ్నం నుంచి అమలులోకి వస్తుంది. అంతే. కారణాలు లేవు, కన్నీళ్లు లేవు, కుట్ర అన్న మాట లేదు. తమాషా ఏమిటంటే, అధ్యక్షుడి కుర్చీ ఖాళీ అయితే తాత్కాలికంగా సెనేట్ అధ్యక్షుడు కూర్చోవాలని నియమం. డిగాల్ మార్చాలనుకున్న వాటిలో అదీ ఒకటి. మధ్యాహ్నం అయ్యేసరికి, ఏ సెనేట్ రెక్కలు కత్తిరించబోయారో ఆ సెనేట్ అధ్యక్షుడే, అలాం పొయేర్, అధికారం చేపట్టారు. డిగాల్ పల్లె నుంచి కదల్లేదు.

ఏడాదిన్నర తరువాత, 1970 నవంబరు 9 సాయంత్రం, బల్ల మీద పేకముక్కలు పేర్చుకుంటూ ఒరిగిపోయారు. ఎనభై నిండడానికి రెండు వారాలు తక్కువ. అధికార లాంఛనాల అంత్యక్రియలు వద్దని, మంత్రులు రావద్దని 1952లోనే రాసి పెట్టారు. ప్రపంచ నాయకులు పారిస్‌లోని నోత్ర్ దామ్ చర్చిలో ఖాళీ వేదిక ముందు కూర్చుంటే, శవపేటికను ఊరి కుర్రాళ్లు మోశారు. ఆన్ పక్కనే పడుకోబెట్టారు. రాతి మీద పేరు, రెండు సంవత్సరాలు తప్ప మరో అక్షరం లేదు.

ప్రశ్న: డిగాల్ ఎంత పొడుగు ఆంటీ? మా సోషల్ టీచర్ చాలా పొడుగు అన్నారు.
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, మల్కాజిగిరి

జవాబు: దాదాపు ఆరడుగుల అయిదంగుళాలు, చిట్టితల్లీ. సైనిక పాఠశాలలో తోటి విద్యార్థులు ఆస్పరాగస్ కాడ అని పేరు పెట్టారు. మన బడిలో అయితే ములక్కాడ అనేవారు. నువ్వూ పొడుగైతే బెంగపడకు.

ప్రశ్న: మేడమ్, మీరు దిగిన తీరును మెచ్చుకుంటున్నారు. ఎక్కిన తీరు మాటేమిటి? 1958లో ఆయన వచ్చింది సైనిక తిరుగుబాటు భుజాల మీదే కదా? మా కోచింగ్‌లో దీని మీద పెద్ద వాదన జరిగింది.
– పోటీ పరీక్షల అభ్యర్థి, అశోక్‌నగర్

జవాబు: భేషైన ప్రశ్న తమ్ముడూ. తప్పించుకోను. 1958 మే 13న అల్జీర్స్‌లో ఫ్రెంచి వలసవాసులు, సైన్యం కలిసి ప్రభుత్వ భవనం ఆక్రమించారు. అల్జీరియాను వదులుకునే ప్రభుత్వం పారిస్‌లో రాకూడదన్నది వాళ్ల పంతం. 24న పారాచూట్ దళాలు కోర్సికా ద్వీపాన్ని పట్టుకున్నాయి. తరువాత పారిస్ మీదే దిగుతారన్న భయం పట్టుకుంది. వాళ్లు కేకలు వేసింది డిగాల్ పేరునే. ఆయన వాళ్లను రమ్మనలేదు, పొమ్మననూ లేదు. తుపాకీ తన చేతిలో లేదు నిజమే, కానీ తుపాకీ చప్పుడు వినబడుతుండగా తలుపు తట్టారు. "అరవై ఏడేళ్ల వయసులో నియంత ఉద్యోగం మొదలుపెడతానా?" అని విలేకరులను ఎదురు ప్రశ్నించారు. నవ్వించే మాటే, జవాబు మాత్రం కాదు.

అయితే రెండో వైపు కూడా రాసుకో. దేశాధ్యక్షుడు పిలిస్తే వచ్చారు. జూన్ 1న పార్లమెంటులో ఓటింగ్ జరిగింది: 329 మంది అవునన్నారు, 224 మంది కాదన్నారు. కాదన్న నాయకుల్లో ఒకరైన మిత్తెరాన్ మీద ఈగ కూడా వాలలేదు. ఆయనే 1965లో డిగాల్ మీద పోటీ చేసి రెండో విడత దాకా లాక్కెళ్లారు. కొత్త రాజ్యాంగాన్ని సెప్టెంబరులో జనం ఓటుకు పెట్టారు, గట్టి ఆధిక్యంతో నెగ్గింది. తాను మాత్రం ఆ తాత్కాలిక బ్రిగేడియర్ జనరల్ హోదా దగ్గరే ఉండిపోయారు, పైహోదా పుచ్చుకోలేదు.

అసలు పరీక్ష 1961 ఏప్రిల్‌లో వచ్చింది. అల్జీరియాకు స్వాతంత్ర్యం తప్పదని తేలాక, తనను ఎక్కించిన సైన్యంలోనుంచే నలుగురు జనరల్స్ అల్జీర్స్‌లో తిరగబడ్డారు. 23 రాత్రి డిగాల్ పాత యూనిఫాం వేసుకుని టెలివిజన్‌లో కనిపించి, ఆ నలుగురి ఆజ్ఞ ఏ సైనికుడూ పాటించకూడదని నిషేధించారు. శిబిరాల్లో నిర్బంధ సేవకు వచ్చిన మామూలు కుర్రాళ్లు ట్రాన్సిస్టర్లు చెవికి ఆనించుకుని ఆ మాట విన్నారు. అధికారులు తిరగమన్నా కదల్లేదు. నాలుగు రోజుల్లో తిరుగుబాటు చప్పబడింది. 1962 జులైలో అల్జీరియా స్వతంత్రమైంది. ఆ కోపంతో, అల్జీరియాను వదలకూడదన్నవారు ఆగస్టు 22న పారిస్ శివారులో ఆయన కారు మీద తూటాల వాన కురిపించారు. టైర్లు పేలినా డ్రైవరు బండి ఆపలేదు. భార్యాభర్తలిద్దరూ గీత పడకుండా బయటపడ్డారు. కారు దిగిన ఆవిడ ముందుగా డిక్కీలో పెట్టిన కోళ్లు ఏమయ్యాయోనని అడిగారని చెబుతారు. మరునాటి భోజనానికి తెప్పించినవి మరి!

నీ వాదనకు ఇంకో ఆయుధం కూడా ఇస్తాను. 1961 అక్టోబరు 17న, డిగాల్ అధ్యక్షుడిగా ఉండగానే, పారిస్ పోలీసులు అల్జీరియన్ల ఊరేగింపు మీద విరుచుకుపడి ఎంతోమందిని చంపారు. కొందరిని సెన్ నదిలో పడేశారు. ప్రభుత్వం ఏళ్ల తరబడి నోరు మెదపలేదు. ఫ్రాన్సు తరఫున పోరాడిన అల్జీరియన్ సైనికుల్లో చాలామందిని అక్కడే వదిలేసి వచ్చారు, వాళ్లు ఊచకోతకు గురయ్యారు. రేడియో, టెలివిజన్ ప్రభుత్వం చెప్పుచేతల్లోనే ఉండేవి. ఇవన్నీ ఆయన ఖాతాలోనివే. నాకు నచ్చాడన్నాను, గుడి కట్టానని అనలేదు.

ప్రశ్న: మాది యానాం. మా తాతగారు "మేము డిగాల్ పక్షం" అని గొప్పగా చెప్పేవారు. గోదావరి ఒడ్డున కూర్చున్నవారికి డిగాల్‌తో పని ఏమిటండీ?
– ప్రైవేటు ఉద్యోగి, కూకట్‌పల్లి

జవాబు: తాతగారు కోతలు కోయలేదు. 1940లో యానాం, పుదుచ్చేరి, కారైకాల్, మాహే, చందర్‌నగర్ ఫ్రెంచివారివి. పెతాన్ లొంగిపోయాక ఈ వలసలు ఎటు నిలవాలన్న ప్రశ్న వచ్చింది. చుట్టూ బ్రిటిష్ ఇండియా. బియ్యం రావాలన్నా, ఉత్తరం రావాలన్నా వాళ్ల నేల దాటాలి. ఆ సెప్టెంబరులో పుదుచ్చేరి గవర్నరు బొన్వాఁ డిగాల్ వైపు నిలిచారు. ఆయన వెంట మొదట నడిచిన కొద్ది వలసల్లో ఇవీ ఉన్నాయి. ఆ విధంగా, పారిస్ జర్మన్ల కింద ఉన్న రోజుల్లో మీ యానాం స్వేచ్ఛా ఫ్రాన్సులో భాగం!

తరువాతి కథ మీకే బాగా తెలుసు. 1954 జూన్‌లో దడాల రఫేల్ రమణయ్య గారు, ఆయనతో ఉన్నవారు యానాంను విముక్తం చేశారు. నవంబరు 1న మిగతా ఊళ్లతో పాటు పాలన భారత్ చేతికి వచ్చింది. ఒప్పందం మీద 1956లోనే సంతకాలయ్యాయి, కానీ అల్జీరియా మంటల మధ్య ఫ్రెంచి పార్లమెంటు దాన్ని పక్కన పెట్టింది. అక్కడ పీటముడి విడిపోయాకే, 1962 ఆగస్టు 16న, చట్టప్రకారం అప్పగింత పూర్తయింది. అప్పుడు అధ్యక్షుడు మీ తాతగారి డిగాలే. అల్జీరియా చేయి దాటిన ఆరో వారంలో మీ ఊరి కాగితాలు మనకు వచ్చాయి.

ప్రశ్న: మా వారు సైన్యంలో సుబేదారుగా చేసి వచ్చారు. వీధిలో చెత్త కనబడినా, కరెంటు పోయినా "అయిదేళ్లు మిలిటరీ పాలన పెడితే అందరూ దారికొస్తారు" అంటారు. ఏమని జవాబు చెప్పాలి?
– గృహిణి, సైనిక్‌పురి

జవాబు: ముందు వారికి నా నమస్కారం చెప్పండమ్మా. తరువాత టీ ఇచ్చి ఒక్కటే అడగండి: అయిదేళ్లు అయ్యాక దింపేది ఎవరు?

డిగాల్ వచ్చిన 1958లోనే, అక్టోబరులో, అయూబ్ ఖాన్ పాకిస్తాన్‌ను చేతుల్లోకి తీసుకున్నారు. ఆయన కూడా శుభ్రం చేసి వెళ్తాననే వచ్చారు. మొదట్లో ధరలు దిగాయి, కొట్లవాళ్లు భయపడ్డారు, జనం సంతోషించారు. మీ వారు చెప్పేది ఆ మొదటి ఆరు నెలల కథ. మరుసటి ఏడాది ఆయన ఫీల్డ్ మార్షల్ అయ్యారు. 1960లో దేశం మొత్తాన్ని కాకుండా, స్థానికంగా ఎన్నికైన సుమారు 80,000 మంది ప్రతినిధులను మాత్రమే "నా మీద నమ్మకం ఉందా?" అని అడిగారు. వందకు తొంభై అయిదు మంది ఉందన్నారు. ఉండదా మరి! 1962లో సొంతంగా ఒక రాజ్యాంగం ఇచ్చారు. 1969లో జనం వీధుల్లోకి వచ్చి దిగక తప్పనప్పుడు, ఆ రాజ్యాంగం ప్రకారం బాధ్యత జాతీయ సభ స్పీకరుకు ఇవ్వాలి. ఇవ్వలేదు. సైన్యాధిపతి యాహ్యా ఖాన్‌కు ఇచ్చారు. తాను రాసుకున్న పుస్తకాన్నే తాను నమ్మలేదన్నమాట. మూడేళ్లు తిరక్కముందే ఆ దేశం రెండు ముక్కలైంది.

మన దగ్గర అలా ఎందుకు జరగలేదంటే, జాగ్రత్తలు మొదటి నుంచీ ఉన్నాయి. ఢిల్లీలో తీన్‌మూర్తి భవన్ చూశారా? బ్రిటిష్ కాలంలో అది సర్వసైన్యాధిపతి నివాసం. ఊళ్లో వైస్రాయి ఇంటి తరువాత ఇల్లు అదే. స్వాతంత్ర్యం వచ్చాక అందులోకి ప్రధాని నెహ్రూ వెళ్లారు. 1955లో సర్వసైన్యాధిపతి అన్న హోదానే తీసేసి, మూడు బలగాలకు ముగ్గురు అధిపతులను సమానంగా ఉంచారు. మనవాళ్లు రాజకీయాల్లోకి రాలేదని కాదు. మొదటి భారతీయ సైన్యాధిపతి కరియప్ప 1971లో లోక్‌సభకు పోటీ చేసి ఓడిపోయారు. మేజర్ జనరల్ ఖండూరి గెలిచి ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఇద్దరూ మీలా నాలా వరుసలో నిలబడ్డవారి ఓటు అడిగారు.

ఇంతకూ మీ ఇంట్లో ఇన్నేళ్లుగా నడుస్తున్నది ఎవరి పాలనో సుబేదారు గారిని అడిగారా? ఆ జవాబు కూడా రాయండి, అచ్చు వేయిస్తాను.

ప్రశ్న: మన హైదరాబాద్‌ను ఎప్పుడైనా సైనిక జనరల్ పాలించారా?
– ఆటోమొబైల్ విడిభాగాల వ్యాపారి, ముసారాంబాగ్

జవాబు: పాలించారు. మీ పేట పేరే ఒక ఫ్రెంచి సైనికుడి నుంచి వచ్చిందని మీకు తెలిసే ఉంటుంది. నిజాం సైన్యంలో చేరి 1798లో ఇక్కడే పోయిన రేమండ్, జనం నోట ముసారాం అయ్యాడు. ఆయన పాలకుడు కాదు. పాలించినవారు మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి. 1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య అయిదు రోజుల్లో ముగిశాక సైనిక గవర్నరుగా కూర్చున్నారు. 1949 ఆగస్టు 15న జాగీర్లను రద్దు చేసిన ఉత్తర్వు ఆ పాలనలోనిదే. ఆ రోజుల్లోనే పల్లెల్లో రైతు ఉద్యమం మీద సైన్యం నడిచింది, పోలీసు చర్య తరువాత కొన్ని జిల్లాల్లో ముస్లింల మీద ఘోరాలు జరిగాయి. ఒక వైపే చెబితే రెండో వైపువారు ఉత్తరాలు రాస్తారు, రాయాలి కూడా. 1949 చివర్లో పౌరపాలన వచ్చింది. 1950 జనవరి 26న వెల్లోడి ముఖ్యమంత్రి అయ్యారు. చౌధురి తిరిగి సైన్యంలోకి వెళ్లి, 1962లో దేశ సైన్యాధిపతి అయ్యి, పదవీ విరమణ చేశాక కెనడాలో మన హైకమిషనరుగా పనిచేశారు. పదిహేను నెలలు ఒక రాజ్యాన్ని ఏలిన జనరల్, పై నుంచి కాగితం రాగానే సంచి సర్దుకున్నారు. ఇది సాధారణ విషయంలా కనిపించడమే మన అదృష్టం.

ప్రశ్న: ఐసెన్‌హోవర్ మన దేశానికి వచ్చారా?
– పాఠకుడు, బోయిన్‌పల్లి

జవాబు: 1959 డిసెంబరులో వచ్చారు. పదవిలో ఉండగా భారత్‌కు వచ్చిన మొదటి అమెరికా అధ్యక్షుడు ఆయనే. ఢిల్లీలో రాంలీలా మైదానం నిండిపోయింది, ఆగ్రాలో తాజ్‌మహల్ చూశారు. హైదరాబాద్‌కు రాలేదు. మిగులు ధాన్యం ఇతర దేశాలకు పంపేందుకు ఆయన ప్రభుత్వం 1954లో చేసిన చట్టం మాత్రం మా ఇంటిదాకా వచ్చింది. పీఎల్ 480 గోధుమలు ఆ చట్టం కిందవే. బియ్యానికి బదులు రేషన్ దుకాణంలో అవి ఇస్తే, అన్నం తప్ప ఎరగని మా అమ్మ గుండ్రంగా రాని చపాతీలు ఒత్తేది. నాన్నగారు వాటిని దేశపటాలు అనేవారు.

ప్రశ్న: దిగడం గురించి ఇంత చెబుతున్నారు కదా. మీరు ఎప్పుడైనా ఎన్నికల్లో ఓడిపోయారా?
– పేరు వద్దన్న పాఠకురాలు, హబ్సిగూడ

జవాబు: ఈ ఉత్తరం చేతిరాత నాకు తెలుసు. సరే, ఒప్పుకుంటాను. తార్నాకలో మా అపార్టుమెంటు సంఘానికి ఆరేళ్లు అధ్యక్షురాలిని. ఉన్నవి ఇరవై నాలుగు ఫ్లాట్లు. ఏడో ఏడు పోటీ పెట్టారు. పదమూడు తొమ్మిదితో ఓడాను. ఇద్దరు ఊళ్లో లేరు, ఉన్నా నాకు వేసేవారు కాదు. మరునాడు పొద్దున్నే రిజిస్టరు, పంపు గది తాళాలు, నీళ్ల ట్యాంకర్ల బిల్లుల కవరు, లిఫ్టు మరమ్మతు ఒప్పందం కాగితాలు కొత్త అధ్యక్షుడి చేతికి ఇచ్చి, కాఫీ కూడా ఇచ్చాను. సంఘం రబ్బరు స్టాంపు అడిగితే, ఎక్కడ పెట్టానో గుర్తు రావడం లేదు, వెతికి ఇస్తానన్నాను. అది నా బీరువాలో, గద్వాల చీర కింద, తొమ్మిది రోజులు ఉంది.